ఫార్మాట్ కొట్టు, పీడ వదులు

కోస్గిలో జిరాక్స్, డీటీపీ, ఆన్‌లైన్ పనుల దుకాణం పెట్టుకున్నవాళ్ల కోసం ఈ చిట్కాలు. సిస్టమ్ స్లో అయిందా? ర్యామ్ చాలట్లేదా, హార్డ్ డిస్క్ పోతోందా, ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుందా అని చూడబోతే అసలు రోగం బయటపడే ప్రమాదం ఉంది. నేరుగా ఫార్మాట్ కొట్టండి.

ముహూర్తానికి జూన్ బాగుంటుంది. అడ్మిషన్ల కోసం కుల, ఆదాయ సర్టిఫికెట్లకు వచ్చినవాళ్లు గుమ్మం దాకా నిలబడి ఉండాలి. "పది నిమిషాల్ల అయిపోతది, కూసోండ్రి" అని మొదలుపెట్టండి. కరెంటు పోయి వస్తూ ఉండే రోజైతే మరీ మంచిది.

బ్యాకప్ మాటెత్తేవాళ్లను దగ్గరికి రానీయొద్దు. ఊళ్లో పాలిటెక్నిక్ 2024లో ఇంజనీరింగ్ కాలేజీ అయ్యాక ఇలాంటివి అడిగే పిల్లలు ఎక్కువయ్యారు. "ఫైళ్లన్నీ డెస్క్‌టాప్ మీదనే ఉన్నయి, కండ్ల ముందటనే" అని వాళ్ల నోరు మూయించండి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ ఉండేది సీ డ్రైవ్‌లోనే, మీరు తుడిచేదీ దాన్నే. ఆ సంగతి తర్వాత ఎలాగూ తెలుస్తుంది. ఇన్‌స్టాల్ తెర మీద సీ, డీ అని కాకుండా పార్టిషన్ 1, 2, 3 అని కనిపిస్తే సైజులు పోల్చుకుంటూ కూర్చోకండి. అన్నీ డిలీట్ చేస్తే తెర శుభ్రంగా ఉంటుంది.

అసలు మజా పెళ్లి పత్రికలది. ఏళ్ల తరబడి పేజ్‌మేకర్‌లో కొట్టినవన్నీ అను ఫాంట్లలోనే కదా. అను స్క్రిప్ట్ మేనేజర్ సీడీ ఏ డబ్బాలో ఉందో ముందే వెతకొద్దు. ఆ ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెడతాయి కాబట్టి, అవి లేని సిస్టమ్‌లో పెళ్లికొడుకు పేరు కొమ్ములూ చుక్కలూ మొలిచిన ఇంగ్లీషుగా తెరుచుకుంటుంది. యూనికోడ్‌లో కొట్టుకుంటే ఈ మజా ఉండదు. గౌతమి ఫాంటు 2001లో విండోస్ ఎక్స్‌పీతోనే వచ్చింది. ఇన్నేళ్లూ దాని ముఖం చూడలేదు, ఇప్పుడేం తొందర?

ఏ విండోస్ ఎక్కించాలంటే, సెవెన్. దానికి భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14న ఆగిపోయాయి, కాబట్టి అప్‌డేట్ల గోల లేదు. 2025 అక్టోబర్ 14తో టెన్‌కూ ఈ సుఖం దక్కిందిగానీ, పాతదాని హుందాతనం వేరు. కొనకండి, తాండూరులో ఎవరో ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో క్రాక్ ఉంటుంది. యాంటీవైరస్ ఆపమని అడిగితే ఆపేయండి, పాపం ఏదో పనుండే అడుగుతోంది. తర్వాత అదే సిస్టమ్‌లో ఊరందరి ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, పట్టాదారు పాస్‌బుక్కులు కొడతారు. నమ్మకంతో వచ్చినవాళ్లు, అడగరు.

విండోస్ ఎక్కాక వైఫై కనిపించకపోవచ్చు, డ్రైవర్ కావాలి. డ్రైవర్ నెట్‌లో ఉంటుంది. నెట్ రావాలంటే వైఫై కావాలి. వేలిముద్రల మిషన్‌దీ ఇదే కథ. ముందే పెన్‌డ్రైవ్‌లో డ్రైవర్లు దాచుకునేవాళ్లుంటారు, వాళ్లకు ధైర్యం తక్కువ. మీరు మాత్రం కుర్చీ వెనక్కి జరిపి, బయట ఎండలో నిలబడ్డవాళ్లతో గట్టిగా చెప్పండి: "సర్వర్ డౌనున్నది, రేపు రాండ్రి."