నైరుతిలో డ్రాగన్

మా ఫ్లాట్‌లో బెడ్రూములు రెండు. నేలమాళిగలు ఎన్నంటే మాత్రం చెప్పలేను, అది ఆ వారం ఎలా పేర్చానన్నదాన్ని బట్టి ఉంటుంది. మంచం కింద మూడు అట్టపెట్టెలున్నాయి. వాటినిండా అరచేతులంత గదులు, నడవాలు, మెట్లు, పాడుబడ్డ మండపాలు, ముక్కలు ముక్కలుగా ఒక నది. నలభై దాటినవాడు, ఇంటి లోను కడుతున్నవాడు, కొడుకు స్కూల్లో పేరెంట్స్ మీటింగుకి టక్ చేసుకుని వెళ్లేవాడు, ఆదివారం భోజనాలవగానే వీటిని బల్ల మీద పరిచి, గొంతు బొంగురు చేసుకుని, ‘మీ ఎడమవైపు చీకట్లో ఏదో ఊపిరి పీలుస్తోంది’ అంటాడు. ఆ మనిషిని నేనే.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చారు. ఆడేవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకడు వీరుడు, ఒకడు దొంగ, ఒకడు మంత్రగాడు. కథ నడిపేవాణ్ణి డంజన్ మాస్టర్ అంటారు. ఇరవై ముఖాల పాచిక ఏం చెబితే అదే జరుగుతుంది.

‘నోటితో ఆడే ఆటకి నేలెందుకండీ?’ అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పటం లేకుండా ఆడితే ఏమవుతుందంటే, మంత్రగాడు అగ్నిగోళం విసురుతాడు. పడ్డచోటు నుంచి చుట్టూ 20 అడుగుల మేర మాడి మసవుతుంది. అప్పటిదాకా అందరికన్నా ముందు నిలబడి కత్తి తిప్పిన మా ఆఫీసు కుర్రాడు వెంటనే, ‘అన్నా, నేను ఎప్పుడో తలుపవతలికి వెళ్లిపోయా కదా’ అంటాడు. అక్కణ్ణుంచి సాయంత్రం కాఫీల దాకా పంచాయితీ. అందుకని గళ్లు. అంగుళం గడికి లెక్కలో అయిదడుగులు. మామూలు మనిషి తన వంతులో 30 అడుగులు, అంటే ఆరు గళ్లు నడవగలడు. బొమ్మని గడిలో నిలబెట్టాక బుకాయింపు కుదరదు.

గళ్ల చార్టు ఒకటి గీసుకుంటే సరిపోదా అంటే, సరిపోతుంది. బుద్ధిమంతులు అదే చేస్తారు. నన్ను పాడుచేసింది టీఎస్ఆర్ అనే కంపెనీ. ఈ ఆటని అమ్మిన ఆ కంపెనీయే 1970ల్లో జియోమార్ఫులని కాగితపు ముక్కలు కూడా అమ్మింది. కిటుకేమిటంటే, ప్రతి ముక్క అంచులోనూ నడవాలు ఒకే కొలతలో బయటికొస్తాయి. ఏ ముక్కని ఎటు తిప్పి దేని పక్కన పెట్టినా దారి దారికి కలుస్తుంది. ఇది చదివాక నాకు నిద్ర పట్టలేదు, లేచి లెక్క వేశాను. నాలుగు చదరపు ముక్కల్ని రెండు వరసల్లో పేరిస్తే 6,144 రకాలు. పటం మొత్తాన్ని తిప్పితే ఒకటే అయ్యేవి తీసేసినా 1,536. వారానికొకటి చొప్పున ఆడినా దాదాపు 30 ఏళ్లు! పొద్దున్నే కాగితం పట్టుకెళ్లి మా ఆవిడకి చూపించాను. ఆవిడ బెండకాయలు తరుగుతూనే, ‘నాలుగుంటే ముప్ఫయ్యేళ్లు గడిచిపోతాయన్నప్పుడు ఆ మూడో పెట్టె దేనికండీ?’ అంది. ఆవిడది లెక్కల్లో ఎమ్మెస్సీ.

మూలల కోసం అని చెప్పాను. నిజం కూడా అదే. ఏ సెట్టు తీసుకున్నా తిన్నటి నడవాలు మిగిలిపోతాయి, మూలలు చాలవు. మూలల కోసం ఇంకో సెట్టు చేస్తాం, దాంతోపాటు మళ్లీ తిన్నటివే వచ్చిపడతాయి.

పైగా నావి చవక ముక్కలు. అమెరికాలో డ్వార్వెన్ ఫోర్జ్ అనే సంస్థ 1996 నుంచి రాతిగోడల్లా కనపడే నేలమాళిగల్ని పోతపోసి అమ్ముతోంది. 2013లో కొత్తరకం ముక్కలకి ముందుగా చందాలడిగితే 19 లక్షల డాలర్లు దాటి వచ్చాయి. వాళ్లతో పోలిస్తే నేనెంత పొదుపరినో చూడమన్నాను. ‘ఊళ్లో విస్కీ తాగేవాళ్లున్నారని, కల్లు తాగేవాడికి దండ వేస్తారా?’ అంది.

నాది స్వహస్తాల పని. బొమ్మల్ని 300 జీఎస్ఎం కాగితం మీద ప్రింటు తీయించి, సన్‌బోర్డుకి అంటించి, స్టీలు స్కేలు పెట్టి కట్టర్‌తో కోస్తాను. ప్రింటు తీసే కుర్రాడు మొదటి షీటు చూసి, ‘ఏ వెంచరు సార్? బాత్రూములు కనపడట్లేదు’ అన్నాడు.

అమెరికావాళ్లు తమ పుస్తకాల్లో రాయని సంగతి ఒకటుంది: సీలింగ్ ఫ్యాను. మే నెల హైదరాబాదులో ఫ్యాను మూడులో పెడితే మండపం లేచిపోతుంది. ఆపితే వీరులు లేచిపోతారు. దీనికి విరుగుడు వంటింట్లో దొరికింది. అలమరా అరల్లో పరిచే రబ్బరు జాలీ ముక్కల కింద వేస్తే కదలవు, అంచులకి కాస్త జిగురు ముద్ద అంటిస్తే ఎగరవు. ఆవకాయ జాడీ కింది జాలీ ఏమైందని ఇంట్లో విచారణ ఇంకా సాగుతోంది.

ఈమధ్య మామగారొచ్చారు. ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా రిటైరయ్యారు. బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ‘ఈశాన్యంలో మెట్లేమిటి అల్లుడుగారూ?’ అన్నారు.

‘ఇది రాక్షసులుండే చోటండీ.’

‘అయితే మాత్రం? డ్రాగన్ ఎక్కడ పడుకుంటుంది?’

వాయవ్యంలో చూపించాను.

‘అందుకే ఇంటిమీద వారంవారం దొంగలు పడుతున్నారు. బరువు నైరుతిలో ఉండాలి. ఈశాన్యంలో ఆ నది పెట్టండి.’

ఇద్దరం కూర్చుని మార్చాం. ఉన్న ముక్కలే, టీ చల్లారేలోపు అయిపోయింది. గోడలు ఇంత సులువుగా జరగడం తన సర్వీసులో ఎన్నడూ చూడలేదన్నారు మామగారు. జీవితంలో మొదటిసారి ఆయన నన్ను మెచ్చుకున్నారు, అదీ లేని ఇంటికి.

మధ్యాహ్నం మావాళ్లొచ్చారు. వాకిట్లో కాపలాకి ఒక గోబ్లిన్ని పెట్టాను, ఊరికే, ఆనవాయితీగా. మా దొంగ దానితో మాట కలిపాడు. జీతం ఎంతిస్తారన్నాడు. రెట్టింపు ఇస్తామన్నాడు. పాచిక వేస్తే ఇరవై పడింది. గోబ్లిన్ వాళ్లతో కలిసిపోయింది, అందరూ కబుర్లు చెప్పుకుంటూ ఊళ్లో సత్రానికి బయల్దేరారు. నా పెట్టెల్లో సత్రం లేదు. మామగారు కుర్చీలోంచి లేచి, ‘అదేమిటి బాబూ, లోపలికి వెళ్లరూ? అంతా వాస్తు ప్రకారం ఉంది’ అని బతిమాలారు.

వెళ్లలేదు. ఆ రాత్రే సత్రం ముక్కలు కోయడం మొదలుపెట్టాను. నాలుగో పెట్టెకి మంచం కింద చోటు లేదని మా ఆవిడ తేల్చి చెప్పేసింది. కనుక ఈ ఆట నేర్చుకుందామనుకుంటున్నవాళ్లు మా ఇంటికి రావచ్చు, తిన్నటి నడవాలు ఎన్ని కావాలంటే అన్ని ఉచితంగా ఇస్తాను. మూలలు మాత్రం అడక్కండి.