చేదు చూశావా అమ్మాయ్

ఆనపకాయ కోసేటప్పుడు మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ముచ్చిక తీసెయ్యగానే పలుచగా ఒక ముక్క కోసి నోట్లో వేసుకోవాలి. బీరకాయకీ అంతే, దోసకాయకీ అంతే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తగారు కత్తిపీట ముందు కూర్చుని అలా రుచి చూడ్డం రోజూ కనబడేది. చేదు తగిలితే కాయ మొత్తం పారేసేవారు, గేదెకు కూడా వెయ్యనిచ్చేవారు కాదు. ముప్పై ఏళ్లు నేనూ అలాగే చేశాను. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. కూర చెడిపోతుందని కాబోలు అనుకున్నాను.

కిందటేడు వేసవిలో ఆ పని మానేశాను.

మా ఆయనకు అప్పుడే షుగరు బయటపడింది. మా బావగారికి అదే జబ్బుతో కాలి వేలు తీసేశారు. ఆ కట్టు కట్టిన కాలు నా కళ్లముందు నుంచి పోలేదు. ఇంట్లో తిండంతా మార్చేశాను. దంపుడు బియ్యం, కొర్రలు తెచ్చాను. బిస్కెట్లు, మిక్చరు మానిపించాను. అక్కడిదాకా తప్పేమీ లేదు, వాటివల్ల ఆయనకు మేలే జరిగింది. అక్కడ ఆగి ఉండాల్సింది. రాత్రిళ్లు నిద్రపట్టక ఫోనులో వీడియోలు చూడ్డం మొదలుపెట్టాను. వండితే తిండిలో జీవం పోతుందనీ, పరగడుపున పచ్చి ఆనపకాయ రసం తాగితే షుగరు దిగిపోతుందనీ చెప్పారు. నమ్మాను. పాదులో కాసిన కాయ, మందుబిళ్ల కాదు కదా, మనిషికి ఏం కీడు చేస్తుంది అనుకున్నాను. నా తెలివితక్కువతనమంతా ఆ ఒక్క నమ్మకంలోనే ఉంది.

రోజూ ఐదింటికే లేచి కాయ చెక్కుతీసి, మిక్సీలో వేసి, గుడ్డలో వడగట్టేదాన్ని. పిప్పి తీసుకెళ్లి మొక్కల మొదట్లో పోసేదాన్ని. ఆనపకాయలో నూటికి తొంభై ఐదు పాళ్లు నీరే. మిగిలిన కాస్తలో షుగరు మనిషికి పనికొచ్చే పీచు ఆ పిప్పిలోనే ఉంటుంది. దాన్ని మొక్కలకు పోసి, నీళ్లు మా ఆయనకు ఇచ్చాను. వారం పోయాక ఇంకా మంచిదని కాకరకాయ కూడా కలపడం మొదలెట్టాను.

మే నెల. రైతుబజారులో కాయ తీసుకుంటే గోరు దిగలేదు. కూరకైతే తెచ్చేదాన్ని కాదు. రసానికి లేతదేమిటి ముదురేమిటి అని సంచిలో వేసుకున్నాను. మర్నాడు పొద్దున్న మిక్సీ చప్పుడు విని వసారాలోంచి అత్తయ్యగారు అడిగారు:

"చేదు చూశావా అమ్మాయ్?"

"కాకరకాయ కూడా వేశానండీ, ఎలాగూ చేదే" అన్నాను.

ఆవిడ మరి మాట్లాడలేదు.

మా ఆయన రెండు గుక్కలు తాగి గ్లాసు దించేశారు. "ఇవాళ మరీ చేదుగా ఉందే" అన్నారు. "చేదుంటేనే షుగరుకు మందండీ, ముక్కు మూసుకుని తాగేయండి" అన్నాను. నా మాట మీద గ్లాసు ఖాళీ చేశారు. నేను సగం తాగాను.

పావుగంట కాలేదు, ఆయన పెరట్లోకి పరిగెత్తారు. వాంతులు, విరేచనాలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. తర్వాత వాంతిలో నెత్తురు కనబడింది. నాకూ కడుపులో తిప్పుతూనే ఉంది. ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి ఆయన ఒళ్లంతా చల్లబడి, బీపీ 80కి పడిపోయింది. ఏం తిన్నారని డాక్టరుగారు అడిగారు. "రాత్రి పెసరట్టు తిన్నామండీ" అన్నాను. రసం సంగతి మర్చిపోయి కాదు. అత్తయ్యగారు నా పక్కనే నిలబడి ఉన్నారు. ఆవిడ ముందు ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. మంచం మీద మనిషి అలా పడి ఉండగా నేను నా పరువు చూసుకున్నాను. ఇన్ని నెలలైనా నన్ను నిద్రపోనివ్వనిది రసం కాదు, ఈ అబద్ధం.

"పొద్దున్నే ఆనపకాయ రసం తాగారు బాబూ. చేదుకాయ అయ్యుంటుంది" అని అత్తయ్యగారే చెప్పారు.

డాక్టరుగారి ముఖం మారిపోయింది. వెంటనే ఐసీయూలో పెట్టించారు. ఆనప, దోస, బీర, గుమ్మడి జాతి మొక్కలు తమను తినే జీవాల నుంచి కాచుకోవడానికి కుకుర్బిటసిన్లనే చేదు విషాలు తయారుచేసుకుంటాయట. అడవి కాయల్లో అవి నిండుగా ఉంటాయి. వేల ఏళ్లుగా మనుషులు చేదు లేని కాయల గింజలే దాచి నాటుకుంటూ వస్తే, మనం వండుకునే ఈ కమ్మని కాయలు మిగిలాయి. అయినా ఎండ దెబ్బ తగిలినా, నీటి ఎద్దడి వచ్చినా, కాయ బాగా ముదిరినా ఆ విషం మళ్లీ తలెత్తవచ్చు. ఉడికించినా పోదు. విరుగుడు మందు లేదు. సెలైన్ ఎక్కించి, నెత్తురు పోకుండా చూసి, మనిషిని నిలబెట్టుకోవడమే వైద్యం. పాదులో కాసింది కీడు చెయ్యదని నేను నమ్మాను కదా, అసలు ఆ పాదు స్వభావమే చేదు. మన దాకా వచ్చిన తీపి ఎందరో రైతుల ఓపిక, ఎందరో ఆడవాళ్ల నాలుకల కాపలా.

2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త ఇలాగే ఆనపకాయ, కాకరకాయ కలిపిన రసం తాగి చనిపోయారు. కలిసి తాగిన ఆయన భార్య బతికారు. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘం చెప్పిన జాగ్రత్తలు చదివాను. రసం తీసే ముందు చిన్న ముక్క రుచి చూడమన్నారు, చేదైతే కాయ పారెయ్యమన్నారు, వేరే రసాలతో కలపవద్దన్నారు. మొదటి రెండూ నా వంటింట్లో ముప్పై ఏళ్లుగా ఉన్నవే. కాకర చేదు అడ్డుపెట్టి ఆనప చేదును నేనే దాచాను. ఆ భార్య గురించి చదివినప్పుడు కాగితం పక్కన పెట్టి చాలాసేపు కూర్చుండిపోయాను.

మా ఆయన నాలుగో రోజున ఇంటికొచ్చారు. ఒక్క మాట అనలేదు. ఇప్పుడు మాత్రలు వేళకు వేసుకుంటున్నారు, మధ్యాహ్నం కంచంలో అన్నం తగ్గి కూర పెరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంది. తినమంది, పిండి తాగమనలేదు. పండునైనా పండుగానే తినమంటుంది. దొండకాయ వేపుడు, తోటకూర పప్పు, బీరకాయ పెసరపప్పు అన్నీ చేస్తున్నాను. ఆనపకాయ మాత్రం రెండు నెలలు ఇంట్లోకి రానివ్వలేదు.

శ్రావణమాసంలో అత్తయ్యగారు తనంతట తనే ఒక లేతకాయ తెప్పించారు. కత్తిపీట ముందు పీట వేసుకుని కూర్చుని, ముచ్చిక తీసి, ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలారు. ఇంకో ముక్క కోసి నా చేతిలో పెట్టారు. నా చెయ్యి వణికింది. తిన్నాను. చప్పగా, నీళ్లగా, చివర కాస్త తియ్యగా ఉంది.

"పాలుపోసి కూర చెయ్యి. వాడికిష్టం" అన్నారు.