తోలు ఉడికిస్తే రక్తం పడుతుందట!

మనిషి ఒంట్లో రక్తం తగ్గితే గాడిద ఒంటి మీద తోలు ఉండకూడదు. చైనా సంప్రదాయ వైద్యంలో ఎజియావో అనే బలవర్ధక పదార్థం వెనక ఉన్న తర్కం ఇదే. గాడిద తోలును నానబెట్టి, ఉడికించి, చిక్కబరిచి, నల్లటి పలకలుగా ఆరబెడతారు. షాన్‌డాంగ్‌లోని దోంగ్-అ బావి నీళ్ళతో కాచిందైతే మరీ శ్రేష్ఠం. రక్తం పడుతుంది, చర్మం నిగారిస్తుంది, బాలింతకు బలం వస్తుంది. ఇన్ని చేసే తోలు గాడిదకు మాత్రం ఏం ఒరగబెట్టిందో ఎవరూ అడగరు.

ఇంతా చేసి అది జిగురు, మన మేక కాళ్ళ సూపు చల్లారితే గడ్డకట్టే సరుకే. ట్రిప్టోఫాన్ లేని అరకొర ప్రోటీన్. దీన్ని నల్ల నువ్వులు, అక్రోట్లు, ఎర్ర రేగుపళ్ళతో కలిపి బిళ్ళలు చేసి అమ్ముతారు. అందులో చెప్పుకోదగ్గ ఇనుము ఉంటే నువ్వుల్లోనే ఉండాలి. పేరు మాత్రం గాడిదకు!

పూర్వం ఈ జిగురును ఎద్దు తోలుతోనూ కాచేవారు. గాడిద తర్వాత పీఠమెక్కింది. వేల ఏళ్ళ నాటి తిరుగులేని శాస్త్రమే, జంతువొక్కటే మారింది.

2018 ఫిబ్రవరిలో చైనా ఆరోగ్యశాఖ హెల్ప్‌లైన్ 12320 అక్కడి సామాజిక మాధ్యమం వీబోలో ఒక నిజం రాసింది: ఇది ఉడికించిన గాడిద తోలు, కొనదగ్గది కాదు. గొడవ రేగింది. కొద్దిరోజులకే ఆ మాట తీసేసి క్షమాపణ చెప్పారు. గాడిదకు కాదు లెండి, నొచ్చుకున్నవాళ్ళకు. వసుదేవుడు గాడిద కాళ్ళు పట్టుకున్నది పనిబడి. వీళ్ళు పట్టుకున్నది గాడిద వ్యాపారుల కాళ్ళు.

చైనాలో 1990లలో కోటి దాకా ఉన్న గాడిదలు ఇరవై, ముప్పై లక్షలకు దిగిపోయాక బేరగాళ్ళు ఆఫ్రికా మీద పడ్డారు. అక్కడ రాత్రికి రాత్రి గాడిద మాయమైతే, తెల్లారేసరికి నీళ్ళ బరువు ఆ ఇంటి ఆడదాని వీపు మీదికి వస్తుంది. ఎక్కడో ఒక ఇల్లాలి బుగ్గలు ఎర్రబడడానికి ఆఫ్రికాలో ఇంకో ఇల్లాలి నడుం విరగాలన్నమాట. ఆఫ్రికన్ యూనియన్ 2024 ఫిబ్రవరిలో తోళ్ళ కోసం గాడిదల్ని చంపడాన్ని నిషేధించింది.

మనం నవ్వనక్కర్లేదు. బాపట్ల, ప్రకాశం, గుంటూరు వైపు ఉబ్బసానికీ, నడుం నొప్పికీ, మగతనానికీ గాడిద మాంసం తినేవాళ్ళున్నారు. మన ఆహార చట్టం గుర్తించిన జంతువుల్లో గాడిద లేకపోయినా సరే. 2012 నుంచి 2019 లోపు దేశంలో గాడిదలు 61 శాతం తగ్గాయి. తోలు వాళ్ళకు, మాంసం మనకు. పంపకాల్లో ఇక మిగిలింది గాడిద గుడ్డే. దాన్నీ ఎవరో సీసాలో పెట్టి, మోకాళ్ళ నొప్పులకు మంచిదని అమ్మేదాకా ఆగండి.