ఎదురుగా ఉన్నా ఎరగదట!

పాటల ప్లేయర్ బాగానే ఉంది. బటన్ నొక్కితే వెలుగుతుంది. చెవిలో పెట్టుకుంటే ఘంటసాల పలుకుతాడు. కంప్యూటర్‌కి తగిలిస్తే మాత్రం ‘డివైస్ నాట్ రికగ్నైజ్డ్’ అంటుంది. అంతే. ఎందుకు గుర్తుపట్టలేదో చెప్పదు. ఎలా గుర్తుపడుతుందో చెప్పదు. తప్పు మాత్రం ప్లేయర్‌దే!

ఏలూరులో ఏ షాపు మెట్లెక్కినా ఒకటే పాట. “అయ్యో, ఇంకా ఇయ్యి ఎవరు వాడుతున్నారండీ? ఫోన్ తీస్కోండి సార్, ఈఎమ్‌ఐ ఉందండి.” మర్యాదకేం లోటు లేదు. ‘అండి’తోనే జేబు ఖాళీ చేస్తారు.

ఎవరు వాడతారా? కైకలూరు, ఆకివీడు మధ్య చేపల చెరువు గట్టు మీద రాత్రంతా కాపలా కాసేవాడు వాడతాడు. రీచార్జి అక్కర్లేదు. సిగ్నల్ అక్కర్లేదు. పాట మధ్యలోకి దూరి టూత్‌పేస్టు అమ్మేవాడు ఉండడు. ఒకసారి కొన్నాక మళ్లీ ఎవడికీ పైసా కట్టక్కర్లేదు. అదేనేమో దాని నేరం!

సరే, అసలు జబ్బేమిటో చూద్దాం. ముందు కేబుల్. ఆ పాత యూఎస్‌బీ కేబుల్ లోపల నాలుగు తీగలుండాలి. ఎరుపు, నలుపు కరెంటుకి. తెలుపు, ఆకుపచ్చ డేటాకి. బజార్లో దండలు కట్టి వేలాడదీసే చౌక కేబుళ్లలో చాలావాటికి ఆ రెండో జతే ఉండదు. ఛార్జింగ్ ఎక్కుతుంది, కంప్యూటర్‌కి కబురందదు. కవరు మీద మాత్రం పెద్దక్షరాలతో ‘డేటా కేబుల్’! తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయలు కొనేవాడు బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు తీసి, నొక్కి చూస్తాడు. ఎవరూ కాదనరు. అదే ఊళ్లో కేబుల్ కవరు చించి చూడండి. “చింపేశారుగా, ఇంక మీదేనండి” అంటారు. 2015లోనే ఎన్‌ఐటీ వచ్చిన ఊరది. ఇంజినీర్లు తయారవుతున్నారు సరే, తీగ లేని తీగని పట్టుకునే ఇన్‌స్పెక్టరు ఎప్పుడు తయారవుతాడు?

కేబుల్ మార్చారు. అయినా ఉలుకూ పలుకూ లేదు. ప్లేయర్ సెట్టింగుల్లోకి వెళ్లండి. చాలావాటిలో ఎమ్‌టీపీ, ఎమ్మెస్సీ అని రెండు దారులుంటాయి. ఎమ్మెస్సీ పెడితే మామూలు పెన్‌డ్రైవ్‌లా కనబడుతుంది. ఎమ్‌టీపీయేమో మైక్రోసాఫ్ట్ తెచ్చిన పద్ధతి. ‘ఎన్’ అనే తోక ఉన్న విండోస్‌లో మీడియా ఫీచర్ ప్యాక్ విడిగా వేసుకుంటే తప్ప అది నడవదు. కన్నవాళ్లింట్లోనే ప్రవేశం లేదన్నమాట! డ్రైవ్ అక్షరం పడకపోయినా కనబడదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఒకటి ఇచ్చుకోవాలి. ఏళ్ల తరబడి సొరుగులో పడుంటే బ్యాటరీ అడుగంటిపోతుంది, కొన్ని గంటలు ఛార్జింగ్‌కి వదిలేయాలి. ఉబ్బితే మాత్రం ముట్టుకోకండి. అప్పటికీ మొండికేస్తే రీసెట్ బెజ్జంలో పిన్ను గుచ్చండి. ఇక ‘ఫార్మాట్ చేయమంటారా?’ అని కంప్యూటర్ ఆప్యాయంగా అడుగుతుంది చూడండి, అక్కడ జాగ్రత్త. మ్యాక్‌లో సిద్ధం చేసిన ఐపాడ్‌ని చూసినా విండోస్ అదే అడుగుతుంది. తనకి చదవడం రాని పుస్తకాన్ని తగలబెట్టమనే రకం.

ఇవన్నీ మనకెవరు చెప్పాలి? అమ్మినవాడు. నా ప్లేయర్ చేసిన కంపెనీ సైటుకి వెళితే, ఆ మోడల్ పేజీయే లేదు. డ్రైవరూ లేదు, మాన్యువలూ లేదు. కొత్త మోడళ్లు మాత్రం తళతళలాడుతున్నాయి. డ్రైవరెక్కడో దొరికినా ఎక్స్‌పీ కాలపు 32 బిట్‌ది. నేటి 64 బిట్ విండోస్ దాన్ని గుమ్మం తొక్కనివ్వదు.

పెద్దవాళ్ల చరిత్ర ఇంతకంటే గొప్పదా? 2004లో మైక్రోసాఫ్ట్ ‘ప్లేస్ ఫర్ ష్యూర్’ అని ఒక ముద్ర వేసింది. ఈ ముద్ర ఉన్న పాట ఈ ముద్ర ఉన్న ప్లేయర్లో ఖాయంగా పాడుతుందని భరోసా. రెండేళ్లు తిరిగేసరికి ‘జూన్’ అనే తన సొంత ప్లేయర్ తెచ్చింది. అందులో ఆ ముద్ర పాటలు పాడవు! ఖాయం అంటే అదీ. అదే జూన్, 30 జీబీ రకం, 2008 డిసెంబరు 31న ప్రపంచమంతటా ఒక్కసారిగా కొయ్యబారింది. కారణం? లీపు సంవత్సరంలో 366వ రోజు లోపలి గడియారానికి అర్థం కాలేదు. కంపెనీ చెప్పిన వైద్యమేమిటో తెలుసా? బ్యాటరీ అయిపోనివ్వండి, మర్నాటి దాకా ఆగండి. మన పంచాంగకర్త కంప్యూటర్ లేకుండానే అధికమాసం, క్షయమాసం లెక్కగట్టి చేతిలో పెట్టేవాడు. వీళ్లకి ఒక్క రోజు ఎక్కువైతే గుడ్లు తేలేశారు.

ఆపిల్ తక్కువ తిన్నదా? ఐపాడ్ బ్యాటరీ పద్దెనిమిది నెలలే వస్తుందని 2003లో న్యూయార్కులో ఇద్దరు అన్నదమ్ములు ఆ కంపెనీ పోస్టర్ల మీదే అచ్చు కొట్టి వీడియో తీశారు. వ్యవహారం కోర్టుకెక్కి, 2005లో రాజీతో ముగిసింది. 2022 మేలో ఐపాడ్‌కే మంగళం పాడారు.

మరి మన సర్కారు? మరమ్మతు హక్కు మీద 2022 జులైలో కమిటీ వేసింది. డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, పోర్టల్ ప్రారంభించింది. హక్కు అడిగితే వెబ్‌సైటు ఇచ్చారు! కాగితం మీద రక్షణ ఎంత గట్టిగా ఉంటుందో కొల్లేరు వాళ్లకి కొత్తగా చెప్పాలా? 1999లో అభయారణ్యమన్నారు, 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కించారు, 2006లో అక్రమ చెరువుల గట్లు పేల్చారు. చెరువులు మళ్లీ వచ్చాయి. పాత ఎలక్ట్రానిక్ సామాను బాధ్యత తయారీదారుదేనని 2023 ఏప్రిల్ నుంచి నిబంధనలు నడుస్తున్నాయి. మా వీధిలోకి ఏ తయారీదారూ రాలేదు. “పాత ఇనప సామాన్లు కొంటాం” అని మైకు పెట్టుకుని బండివాడొక్కడే వస్తున్నాడు.

యంత్రం గుర్తుపట్టకపోతే నేరం ఎప్పుడూ ఎదుటివాడిదే. వలలు లాగి లాగి వేలిగీతలరిగిన మనిషి వేలిముద్రల మిషన్ మీద బొటనవేలు పెడితే ‘సరిపోలేదు’ అంటుంది. మనిషినే వెనక్కి పంపుతారు. మిషన్‌ని ఎవరైనా పంపారా?

కాబట్టి అయ్యా, పోర్టల్ ప్రారంభాలు చాలు. చట్టంలో ఒక్క వాక్యం రాయండి. అమ్మకం ఆపిన వస్తువుకైనా సరే డ్రైవరు, మాన్యువలు, బ్యాటరీ కొలతలు కంపెనీ సైటులో ఉచితంగా ఉంచి తీరాలి, తీసేస్తే జరిమానా కట్టాలి. రెండు తీగల కేబుల్‌ని డేటా కేబుల్ అని అమ్మినవాడికీ అదే జరిమానా వేయండి. దీనికి కమిటీ అక్కర్లేదు.