రేకుల మీద రాళ్లు

మా ఇంటి రేకుల మీద రాళ్లు పెట్టింది నేనే. నన్నెవరూ పెట్టమనలేదు, కప్పు వేసిన మేస్త్రీ వద్దనే చెప్పాడు. "సారూ, బరువుతోని రేకు ఆగదు. రేకును పైపుకు బిగించెటి జె-హుక్కులు తెప్పియ్యి, ఇంకో రెండొద్దులు పని పెట్టుకుందాం" అన్నాడు. పైసలు అయిపోయాయని, గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని చెప్పి నేనతన్ని పంపించేశాను. మరునాడు పొలం గట్టు నుంచి రాళ్లు తెచ్చి, నిచ్చెన వేసుకొని, రేకు రేకుకూ ఒకటి చొప్పున నా చేతులతోనే పేర్చాను. వాటిలో ఒక రాయి నన్ను కన్న అవ్వ భుజం విరగ్గొట్టింది.

ఈ మాట ఇన్నాళ్లూ ఎవరితోనూ చెప్పలేదు. గాలి దుమారానికి ఇల్లు లేచిపోయిందని, అవ్వకు దెబ్బ తాకిందని చెప్పుకున్నాను. రెండూ నిజమే. వాటి నడుమ నేనున్నానన్నది మాత్రం దాచాను.

మాది నిర్మల్ దగ్గర, సోన్ వైపు పోయే తోవలో ఒక చిన్న ఊరు. బాపు కట్టిన గూన ఇల్లు ఉండేది. టేకు దూలాలు, టేకు వాసాలు, పైన గూనపెంకలు. ఏటా ఆనకాలానికి ముందు ఇల్లు కప్పించుకోవాలి. అడవులు పలచబడ్డాక కోతులు ఊళ్లమీద పడ్డాయి. మా జిల్లాలో వాటి బెడద ఎంతటిదంటే, 2020లో చించోలి దగ్గర కోతుల కోసమే ఒక పునరావాస కేంద్రం పెట్టారు. గూనపెంకల మీద కోతుల గుంపు ఒక్కసారి దుంకితే అర్ర అర్రంతా కురుస్తుంది. ఊళ్లో చాలామంది లాగే మేమూ విసిగిపోయి ఇల్లు విప్పించి రేకులు వేసుకున్నాం. దాంట్లో తప్పు లేదు. గూన ఇంటికి బరువుండేది, పెంకల సందుల్లోంచి గాలి ఆడేది కాబట్టి లోపలి ఒత్తిడి లోపల నిలిచేది కాదు. రేకుకు బరువూ లేదు, సందూ లేదు. అందుకే దాన్ని పట్టి ఉంచాలి. ఇది తెలియనివాడినా అంటే, బళ్లో పిల్లలకు సైన్సు చెప్పేది నేనే. విమానం రెక్క బొమ్మ బోర్డు మీద గీసి, పైన గాలి జోరుగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గుతుందని, రెక్క పైకి లేస్తుందని ఏటా చెబుతాను. ఆ రెక్కకూ మా ఇంటి కప్పుకూ సంబంధం ఉందని ఒక్క ఏడూ తోచలేదు.

తర్వాత ఒక రాత్రి కాగితం మీద లెక్క వేసి చూశాను. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి చదరపు మీటరు మీద దాదాపు 47 కిలోల బరువంత ఒత్తిడి పెడుతుంది. పన్నెండు అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న రేకు వైశాల్యం ఇంచుమించు నాలుగు చదరపు మీటర్లు. అంటే ఒక్కొక్క రేకునూ సుమారు 180 కిలోల బలం పైకి గుంజుతుందన్న మాట. రేకు బరువు ఇరవై కిలోలు కూడా ఉండదు. నేను పెట్టిన రాయి ఇంకో పదో పదిహేనో. చూరు అంచుల దగ్గర ఈ గుంజుడు ఇంకా ఎక్కువ. గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది. పదో తరగతి పిల్లవాడు వేయగల లెక్క ఇది. ముందే వేసి ఉంటే ఆ రాళ్లు గట్టు మీదే ఉండేవి.

అది మే నెల. పొద్దంతా నిప్పులు చెరిగింది. ఇట్లాంటి ఎండకు వేడెక్కిన నేల మీదికి తేమ గాలి వచ్చి కలిస్తే క్యుములోనింబస్ మేఘాలు కమ్ముకుంటాయి. అవి కిందికి విడిచే చల్లగాలి నేలను తాకి ఒక్కసారిగా నలుదిక్కులకూ పరుచుకుంటుంది. మా దిక్కు దుమారాలు ఎక్కువగా ఇట్లా పుట్టినవే. అమెరికాలో చూసే టోర్నడో లాంటి గిరగిర తిరిగే స్తంభం కాకపోవచ్చు గాని, కప్పుకు ఆ తేడా ఏం తెలుస్తుంది? 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో ఈదురుగాలులకు కొద్దిసేపట్లోనే వేలాది చెట్లు నేలకూలాయి. మా నిర్మల్‌లో 1860లో ఆంగ్లేయుల మీద తిరగబడ్డ రాంజీ గోండును, ఆయన అనుచరులను ఉరితీసిన వెయ్యి ఉరుల మర్రి కూడా 1995లో గాలివానకే పడిపోయిందని పెద్దలు చెబుతారు. అంత మానే నిలవని చోట మా రేకులెంత?

పడమటి దిక్కు ఎర్రగా మారింది. దుమ్ము లేచింది. అప్పుడు నేను చేసిన ఇంకో పిచ్చి పని, రాళ్లు కదులుతున్నాయేమో చూద్దామని గాలికి ఎదురుగా ఉన్న దర్వాజ తెరవడం. పైనుంచి గుంజే గాలికి లోపలినుంచి తోసే గాలిని నేనే జత చేశాను. ఇంటి ముందరి సాయబాను కింద అవ్వ బీడీల చాట, తంబాకు డబ్బా సర్దుకుంటున్నది. ముందు లేచింది సాయబాను రేకులే. వాటితో పాటు ఇంటి మీది రేకులు కూడా చాప చుట్టినట్టు లేచాయి. రాళ్లు జారి కింద పడ్డాయి.

నిర్మల్‌లో ఆసుపత్రికి తీసుకుపోయాం. భుజం దగ్గర ఎముక విరిగిందన్నారు. అవ్వ చిన్నప్పటి నుంచి బీడీలు చేసింది. రాత్రి తునికాకు నానబెట్టడం, పొద్దున కత్తిరించడం, చాట ఒళ్లో పెట్టుకొని తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. మా ఫీజులు, అక్క పెళ్లి, బాపు మందులు అన్నీ ఆ వేళ్ల మీదుగా గడిచినవే. ఎముక అతికింది కానీ ఆ చేయి మునుపటిలా లేవలేదు. అవ్వ మళ్లీ రోజుకు వెయ్యి బీడీలు చేయలేదు.

బీడీ కంపెనీ లెక్క కచ్చితంగా ఉంటుంది. ఇంత ఆకుకు, ఇంత తంబాకుకు ఇన్ని బీడీలు అప్పజెప్పాలి. తడిసిన తంబాకు, చెల్లాచెదురైన ఆకు మన ఖాతాలోకే వస్తాయి. కప్పు లేవడమంటే మాలాంటి ఇళ్లలో కార్ఖానా మూతపడడం. నాకది రెండు రోజుల దాకా తట్టలేదు. గోడలు, రేకులు, పైపులు, ఇవే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అవ్వ ఆసుపత్రి మంచం మీది నుంచి అడిగిన మొదటి మాట, "కొడుకా, ఆకు తడిసిందా?" అని.

ఆ తర్వాతి రోజుల్లో నేను చేసినదంతా తొందరే. కరెంటు స్తంభాలు వంగిపోయాయి కాబట్టి బోరు నడవదు, ఫోన్లు చార్జింగ్ కావు, రాత్రి పిల్లలు భయపడతారు. పక్కింటి కాకా తన అర్రలో ఉండమన్నాడు. అక్క, బావ ట్రాలీ ఆటో పట్టుకొని వచ్చి సామాను తీసుకుపోదామన్నారు. "మాకేం కాలె, వారంల ఇల్లు నిలవెడత" అన్నాను. రోడ్డు మీద పోయేవాళ్లు మొండిగోడలు చూస్తారన్న నామోషీ తప్ప ఆ మాట వెనక ఏమీ లేదు. మంచి మనసుతో వచ్చినవాళ్లను ఆ నామోషీతో వెనక్కి పంపాను. ఆ రాత్రులు పిల్లలు మబ్బుల్ని చూస్తూ టార్పాలిన్ కింద నిద్రపోయారు.

వంగిన రేకుల్ని సుత్తితో సాపు చేయించాను. అవే రంధ్రాల్లో అవే మొలలు కొట్టించి, పైనుంచి బైండింగ్ వైరు గుంజి కట్టించాను. రాళ్లు మాత్రం పెట్టలేదు. అదొక్కటే నేర్చుకున్నాను. రెవెన్యూ సిబ్బంది పంచనామాకు వచ్చే సరికి విరిగినవన్నీ ఎత్తేసి, వాకిలి ఊడ్చి, కప్పు వేసి ఉంది. ఒక్క ఫొటో లేదు. ఏం రాసుకోవాలని వాళ్లడిగితే నా దగ్గర జవాబు లేదు.

విపత్తు సాయానికి 2022 నుంచి 2026 దాకా అమలైన కేంద్ర నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. ఆ నిబంధనల జాబితాలో తుఫాను ఉండేది, వరద ఉండేది, వడగండ్లు ఉండేవి. ఉట్టి గాలి దుమారానికి విడిగా పేరు ఉండేది కాదు. రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో పది శాతం దాకా స్థానిక విపత్తులకు వాడుకునే వీలుండేది, అంతే. మా జిల్లాలో నీటి దెబ్బ అందరికీ గుర్తుంటుంది. 2021 జులైలో నిర్మల్‌లో కాలనీలు మునిగి పడవలు తిరిగాయి. మరుసటి జులైలో కడెం ప్రాజెక్టుకు మూడు లక్షల క్యూసెక్కులు వదలగల గేట్ల మీదికి ఐదు లక్షల పైచిలుకు వచ్చిపడింది. గాలి దెబ్బ అట్లా కాదు. ఒక ఊళ్లో నాలుగు ఇళ్లు, పక్క ఊళ్లో రెండు. అందుకే ఎవరి ఫొటో వాళ్లు తీసి పెట్టుకోవాలి. అది కూడా చేయలేదు నేను.

మిరుగు కార్తె ఇంకా రాలేదు. మళ్లీ దుమారం లేచింది, మొదటి దానికన్నా చిన్నది. పాత రంధ్రాలు ముందే సాగి ఉన్నాయి కాబట్టి రేకులు మొలల్ని దాటుకొని చిరిగి పైకి లేచాయి. ఎవరికీ దెబ్బ తాకలేదు. కానీ ఆ రోజు నా కూతురు నా వైపు చూసిన చూపును నేను మరిచిపోలేను. ఆ చూపులో భయం లేదు, నా మీద నమ్మకం పోయింది.

ఇట్లాగే రెండుసార్లు దెబ్బతిన్న పట్టణం అమెరికాలో ఒకటుంది, ఓక్లహామా రాష్ట్రంలో మూర్ అని. 1999 మే 3న టోర్నడో అక్కడి చాలా ఇళ్లను నేలమట్టం చేసింది. మళ్లీ కట్టుకున్నారు, చాలావరకు పాత పద్ధతిలోనే. 2013 మే 20న ఇంకో టోర్నడో వచ్చి 24 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత 2014లో ఆ పట్టణం కొత్త ఇళ్లకు నిబంధనలు మార్చుకుంది. గంటకు 217 కిలోమీటర్ల గాలికి నిలిచేలా కప్పును గోడకు, గోడను పునాదికి లోహపు పట్టీలతో కలపాలని. టోర్నడోలను తట్టుకోవడానికే ఇట్లాంటి నియమం పెట్టుకున్న మొదటి పట్టణం అక్కడ అదే. దీని గురించి చదివినప్పుడు అంత డబ్బు, అంత చదువు ఉన్నవాళ్లు కూడా ఒకసారి పాత పద్ధతిలోనే కట్టుకున్నారని తెలిసింది. నాకు ఊరట ఏమీ కలగలేదు. వాళ్లకు పద్నాలుగేళ్ల వ్యవధి దొరికింది, నాకు నెల కూడా దొరకలేదు, అయినా మారవలసింది ఒకటే కదా అనిపించింది.

పంపించేసిన మేస్త్రీ దగ్గరికే పోయాను. ఏమీ అనలేదాయన. వచ్చి, గోడల తలకట్టు మీద చుట్టూ కాంక్రీటు బెల్టు పోయించి, దాంట్లోంచి ఇనుప చువ్వలు పైకి విడిచి, పైపుల్ని ఆ చువ్వలకు వెల్డింగు చేయించాడు. రేకుకు రంధ్రం లోతట్టు గాడిలో వేయకూడదట, మిట్ట మీద వేయాలట. అప్పుడు నీళ్లు దిగవు. ప్రతి జె-హుక్కు కింద రబ్బరు వాషరు. అంచుల్లో హుక్కులు దగ్గర దగ్గరగా. ఇంటి చూరు బయటికి ఎక్కువ సాగకుండా కుదించాడు. పని సగంలో ఉండగా ఒక మాట అడిగాడు: "అవ్వనడిగినవా సారూ, సాయబాను ఏడ గావాల్నో?"

అడగలేదు. సాయబాను ముందు లేచింది కాబట్టి ఈసారి దాన్ని పూర్తిగా తీసేయాలని నేనే తేల్చేశాను. అవ్వ దగ్గరికి పోయి అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది, తను బీడీ చేయకపోయినా పక్కిండ్ల ఆడవాళ్లు పగలంతా అక్కడ కూర్చొని చేసుకునేవాళ్లని, వాళ్ల మాటలు వింటూ ఆకు కత్తిరించైనా ఇవ్వచ్చని, లోపలి అర్రలో వెలుతురు చాలదని. "నువ్వు బడికి పోతవు. నేను యాడ కూసోవాలె?" అంది.

ఆ ప్రశ్నకు ముందు నేను కట్టినదంతా రోడ్డు మీది వాళ్ల కళ్ల కోసం కట్టినదే. మేస్త్రీకి చెప్పాను. సాయబానును ఇంటి కప్పుకు కలపకుండా వేరే మొగురాల మీద వేరే కప్పుగా వేశాడు. పెద్ద గాలి వచ్చినా పోతే అదొక్కటే పోతుంది, ఇంటి కప్పును వెంట తీసుకుపోదు. ఇప్పుడు అవ్వ అక్కడే కూర్చుంటుంది. ఎడమ చేత్తో ఆకు పట్టుకొని, కుడి చేతికి వీలైనంత కత్తిరిస్తుంది. ఆడవాళ్లు చుట్టూ ఉంటారు. ఆమెకు నేను చేసిన నష్టం ఆ సాయబానుతో తీరదు. తీరిందని ఆమె ముందు ఎన్నడూ అనలేదు, అనను కూడా.

దుమారం తర్వాత ఊళ్లలోకి బియ్యం, టార్పాలిన్లు పట్టుకొని వచ్చే సంఘాలకు, యువజనులకు, దాతలకు నాదొక మనవి. మీరిచ్చేది ఆ రాత్రికి చాలా అవసరం. దాంతో పాటు ఇంటికొక సంచి జె-హుక్కులు, వాషర్లు ఇవ్వండి. పని తెలిసిన మేస్త్రీకి ఆ ఊళ్లో వారం రోజుల కూలి కట్టండి. విరిగినవి ఎత్తకముందే ఇంటింటికీ ఫొటోలు తీసి పెట్టండి. ఆ ఇంట్లో పొద్దంతా కూర్చొని పని చేసే మనిషెవరో కనుక్కొని, కప్పు గురించి ముందు ఆమెనే అడగండి.