డాక్టర్ బాబూ, నేనూ, మా ఆవిడా

టీవీ అంటే నాకు పడదని మా దర్శిలో అందరికీ తెలుసు. తెలుగు మాస్టారుగా ఉన్నన్నాళ్లూ పదో తరగతి పిల్లల చేత 'దూరదర్శని: లాభనష్టాలు' వ్యాసం బట్టీ పట్టించినవాణ్ణి. లాభాలు నాలుగు చెప్తే నష్టాలు ఆరు చెప్పేవాణ్ణి. కళ్లు పోతాయి, చదువు పోతుంది, ఇరుగుపొరుగుతో మాటలు పోతాయి. సాయంత్రం ఇంటికొచ్చి లుంగీ కట్టుకోగానే రిమోటు కోసం దిండ్ల కింద తడుముకునేవాణ్ణి.

నా బండారం బయటపెట్టింది 'కార్తీకదీపం'. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా నడిచిన సీరియల్ అది. మా ఆవిడ చూస్తుంటే నేను పక్కన పడక్కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని "ఈ ఏడుపులేం చూస్తావే" అనేవాణ్ణి. పేపరు మాత్రం రెండో పేజీ దాటేది కాదు. ఒకనాడు ఆవిడ పప్పు తాలింపు పెట్టి వచ్చి, "ఏమైంది?" అంది, గోడనడిగినట్టు. నా నోరు ఆగితేగా! విలన్ మోనిత వేసిన కొత్త ఎత్తు, కథానాయిక దీప కార్చిన కన్నీళ్లు, ఆమె మొగుడు డాక్టర్ బాబు మొండితనం, దానికి వెనకటి కథ, అన్నీ ఏకరువు పెట్టాను. ఆవిడ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడి వింది. "ఏందండీ, ఇంత కథ నాకే తెలీదు" అంది.

అప్పట్నుంచి పేపరు పక్కన పెట్టేశాను. ఒక్క డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోయే, పిల్లలు తన పిల్లలేనా అన్న అనుమానాన్ని, తనే డాక్టరై ఉండి, ఏళ్ల తరబడి మోసిన ఆ డాక్టర్ బాబు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఈ టీవీ పిచ్చి నిన్నమొన్నటిది కాదు. 1975 ఆగస్టులో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు చూపించే 'సైట్' ప్రయోగం మొదలైంది. దేశం మొత్తం మీద 2400 ఊళ్లలో టీవీలు పెట్టారు. ఆ జాబితాలో కర్నూలు జిల్లా ఉంది. మా చుట్టాలున్న మార్కాపురం, గిద్దలూరు మాత్రం అంతకు అయిదేళ్ల ముందే, 1970లో, కర్నూలును వదిలి కొత్త ప్రకాశం జిల్లాలోకి వచ్చేశాయి. రాకుండా ఉంటే మా పడమటి చుట్టాలకు అప్పుడే టీవీ దక్కేదేమో. వేసవి సెలవులకు వెళ్లి నేనూ అప్పుడే చెడిపోయి ఉందును. 1987లో ఆదివారం పొద్దున్నే 'రామాయణం' మొదలయ్యేసరికి మా వీధిలో టీవీ ఉన్న ఇంటి ముందు గుడి ముందుకన్నా ఎక్కువ చెప్పులుండేవి. మిద్దెక్కి ఏరియల్ తిప్పే పని నాది. దాంతో నాకు భక్తుడనే పేరు కూడా వచ్చింది.

సీరియళ్ల వల్ల మా ఇంటికి జరిగిన నష్టం, నిజం చెప్పాలంటే, ఏమంత లేదు. నష్టమంతా వార్తా చానళ్ల చర్చల వల్ల. అవి చూసేది నేను. రాష్ట్ర విభజన రోజుల్లో ఆ చర్చలు తలకెక్కి, నేనూ మా బావమరిదీ ఏనాడూ ఎదురుగా చూడని నాయకుల కోసం అతనితో గొడవపడ్డాను. సంక్రాంతికి వచ్చి కూడా అతను నాతో మాట్లాడలేదు. మా ఆవిడ అప్పుడే అంది: "మా సీరియళ్లలో విలను ఒక్కతే. మీ చర్చలో నలుగురూ విలన్లే." నిజమే. సీరియల్లో ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు కనీసం కళ్లు పెద్దవి చేసుకుని వింటారు.

2020లో కరోనాతో బళ్లు మూసేసినప్పుడు సప్తగిరి చానల్లో పిల్లలకు పాఠాలు వచ్చేవి. మనవడి చేతిలోంచి రిమోటు లాక్కుని వార్తలు పెట్టిన తాత ఎవరో చెప్పక్కర్లేదు.

పొద్దున్నే ఈటీవీలో రైతుల కార్యక్రమం 'అన్నదాత' చూసేదీ మా ఆవిడే. 2021లో మిరపకు నల్ల తామరపురుగు పట్టి పూతంతా నాశనమవుతుంటే, నేను కొట్లో ఏ డబ్బా ఇస్తే ఆ డబ్బా మోసుకొచ్చి కొట్టించాను. మందు మీద మందు కొట్టొద్దనీ, చేలో నీలం రంగు జిగురు అట్టలు కట్టమనీ టీవీలో విని చెప్పింది ఆవిడ. పంట అందరితోపాటు మాకూ పోయింది. మందుల కొట్లో బాకీ మాత్రం ఆవిడ మాట విన్నాక పెరగలేదు.

2024 మార్చిలో 'కార్తీకదీపం' రెండో భాగం మొదలైంది. అందుకని రాత్రిపూట మా ఇంటికొచ్చే బంధుమిత్రులకు మనవి: కుశల ప్రశ్నలు ప్రకటనలు వచ్చినప్పుడు అడగండి.