ఒక షాకబ్జార్బర్ ఆత్మకథ

నేను మారుతి 800 కారుకి ముందు ఎడమ చక్రం దగ్గర పనిచేసిన షాకబ్జార్బర్‌ని. రోడ్డు అంచు గుంతలూ, లోపలికి కుంగిన మ్యాన్‌హోల్ మూతలూ ఎక్కువగా తగిలేది ఎడమ పక్కకే. మాది మాక్‌ఫర్సన్ స్ట్రట్ వంశం. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు 1940లలో మాకు రూపమిచ్చాడు. స్ప్రింగు నా చుట్టూ ఉంటుంది. స్టీరింగ్ తిప్పితే చక్రంతోపాటు నేనూ తిరుగుతాను. తక్కువ చోటు, తక్కువ సామాను సరిపోతాయి కాబట్టి చిన్న కార్లలో చాలావాటికి ముందువైపు ఉండేది మా వాళ్లే.

నన్ను విప్పేశాక, హైదరాబాద్‌లో ఒక సాయంత్రం కార్ల క్లబ్బు కుర్రాళ్లు గ్యారేజీలో చేరినప్పుడు, మెకానిక్ నన్ను నిలువునా కోసి బల్లమీద పెట్టాడు. నా లోపల ఉన్నదల్లా ఒక పిస్టన్, దానికి సన్నటి రంధ్రాలు, వాటిని మూసే పలచటి ఉక్కు రేకులు, అడుగున నల్లబడ్డ కాస్త నూనె. చక్రం లేచి పడ్డప్పుడల్లా నూనె ఆ రంధ్రాల్లోంచి ఇరుక్కుంటూ పోవాలి. అక్కడే ఊపంతా వేడిగా మారిపోతుంది.

ఆయన కొత్త షాకబ్జార్బర్ ఒకటి వాళ్ల చేతికిచ్చాడు. నొక్కితే కాస్త తేలిగ్గానే దిగింది, లాగబోతే మొరాయించింది. కావాలనే అలా చేస్తారు. గుంత అంచు తగిలినప్పుడు చక్రాన్ని పైకి పోనివ్వాలి. అణిగిన స్ప్రింగు మళ్లీ చాచుకునేటప్పుడు మాత్రం గట్టిగా పట్టి ఆపాలి, లేకపోతే కారు ఎగిరెగిరి పడుతుంది.

జనం నన్ను కుదుపులు తగ్గించే వస్తువుగానే చూస్తారు. నా అసలు పని టైరు రోడ్డును వదలకుండా చూడటం. ఒక్కో టైరు నేలను తాకే చోటు అరచేయంత. బ్రేకు పడాలన్నా, మలుపు తిరగాలన్నా ఆధారం ఆ నాలుగు చోట్లే. టైరు గాల్లో ఉన్నంతసేపూ ఎంత ఖరీదైన బ్రేకైనా పనికిరాదు.

“అన్నా, స్ప్రింగు రెండు చుట్లు కోయిస్తే కారు కిందికి దిగి, మలుపులో బాగా నిలబడుతుందంట కదా?” అని ఒక కుర్రాడు అడిగాడు.

“వద్దు తమ్ముడూ. స్ప్రింగు గట్టిపడుతుంది, అణగడానికి చోటు తగ్గుతుంది. షాకబ్జార్బర్ అడుగంటా దిగి కొట్టుకుంటుంది. పైగా అది ఆ పాత స్ప్రింగుకి తగ్గట్టు చేసింది” అన్నాడాయన.

ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది. మలుపులో బరువు బయటి చక్రాల మీదికి పోవడాన్ని ఎవరూ ఆపలేరు. కారు బరువు, ఎత్తు, చక్రాల మధ్య దూరం, వేగం కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. ముందువైపు మరీ బిగిస్తే అందులో ఎక్కువ వాటా ముందు బయటి టైరు మీదే పడుతుంది. అది పట్టు వదిలితే, స్టీరింగ్ ఎంత తిప్పినా కారు మలుపు బయటికే పోతుంది. వెనక మరీ బిగిస్తే తోక జారుతుంది. బిగించిన కొద్దీ పట్టు పెరుగుతుందనుకోవడం శుద్ధ తప్పు.

నా విషయానికొస్తే, దుమ్ముకి నా పిస్టన్ కడ్డీ మీద గీతలు పడ్డాయి. ఆ గీతలు నూనె సీలును కోశాయి. ఒంటికి జిడ్డు, జిడ్డుకి మట్టి పట్టాయి. బ్రేకు వేస్తే ముక్కు బాగా కిందికి దిగేది. టైరు అక్కడక్కడా గుంటలు పడి అరిగింది. ఇదంతా ఒక్కరోజులో జరగదు కాబట్టి నడిపేవాళ్లు అలవాటు పడిపోతారు, నాకు బాధ కలిగించేది అదే.

అందుకే మీకో మాట. స్పీడ్ బ్రేకరు దగ్గర ముందే వేగం తగ్గించి, ఎక్కేముందు బ్రేకు వదలండి. బ్రేకు నొక్కి ఉంటే ముందువైపు మేం అప్పటికే కొంత అణిగి ఉంటాం. అప్పుడప్పుడూ బానెట్ మూల నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే సరే, ఇంకా ఊగితే మేం అయిపోయినట్టే. ఊగకపోయినా నూనె కారుతుంటే చూపించండి. మార్చేటప్పుడు ఒక్కదాన్నే మార్చకండి, కుడి ఎడమలు జతగా వేయించి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి.